అర్జీ పైన ఎవరి పేరు?

జైల్లో ఉన్నవాళ్ల కోసం అర్జీలు రాసే వకీలుకు కష్టమైనది మొదటి వాక్యమే. కింద గోడు ఎంతైనా రాయొచ్చు. పైన 'గౌరవనీయులైన' అన్నాక ఎవరి పేరు పెట్టాలన్నదే చిక్కు. "ఆ జడ్జిగారికే రాయండి సార్, నా కేసు ఆయనకు తెలుసు" అంటారు చాలామంది. నిజమే, తెలుసు. కానీ తీర్పు మీద సంతకం పడ్డాక ఆయన దిద్దగలిగేది రాతలో, లెక్కలో దొర్లిన పొరపాట్లనే. శిక్షే తప్పంటే పైకోర్టుకు అప్పీలు చేసుకోవాలి. శిక్ష సరే, ఇన్నేళ్లు అనుభవించాను, ఇక వదలండి అంటే అడగాల్సింది ప్రభుత్వాన్ని.

ఏ ప్రభుత్వాన్ని? నేరం జరిగిన రాష్ట్రాన్నా, శిక్ష పడిన రాష్ట్రాన్నా, ఇప్పుడున్న జైలు రాష్ట్రాన్నా? కేంద్రం పరిధిలోకొచ్చే నేరాలను పక్కనపెడితే చట్టం సూటిగానే చెప్పింది: శిక్ష వేసిన కోర్టు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రమే. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 432వ సెక్షన్, కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 473.

ఇంత సూటి మాట దగ్గర సుప్రీంకోర్టే ఒకసారి తడబడింది. బిల్కిస్ బానో సామూహిక అత్యాచారం కేసులో నేరం 2002లో గుజరాత్‌లో జరిగింది. అక్కడ విచారణ సజావుగా సాగదని ముంబయికి మార్చారు, 2008లో అక్కడే శిక్షలు పడ్డాయి. దోషుల్లో ఒకడు విడుదల కోరితే గుజరాత్ హైకోర్టు మహారాష్ట్రను అడగమంది. వాడు సుప్రీంకోర్టుకు వెళ్లాడు. నిర్ణయం గుజరాత్‌దేనని 2022 మేలో అక్కడ తీర్పొచ్చింది. ఆ ఆగస్టు 15న 11 మందీ బయటికొచ్చారు, పూలదండలు కూడా పడ్డాయి. 2024 జనవరి 8న జస్టిస్ నాగరత్న, జస్టిస్ భూయాన్ ధర్మాసనం అదంతా కొట్టేసింది. గుజరాత్‌కు ఆ అధికారమే లేదంది, 2022 తీర్పు నిజాలు దాచి తెచ్చుకున్నదంది, రెండు వారాల్లో జైలుకు తిరిగి వెళ్లమంది. ఈ తీర్పు మీద రాజకీయం చాలా మాట్లాడుకున్నాం. అర్జీలు రాసే నాకు మాత్రం, ఒక్క చిరునామా ఎంత పని చేస్తుందో దేశానికి తెలిసిన రోజు అది.

అలాగని ప్రభుత్వం ఇచ్చిందల్లా శాసనమేం కాదు. ఆంధ్రప్రదేశ్ గవర్నరు ఇచ్చిన శిక్ష తగ్గింపునే 2006లో, ఏపూరు సుధాకర్ కేసులో, సుప్రీంకోర్టు రద్దు చేసింది. క్షమించే పని కోర్టుది కాకపోయినా, క్షమించిన తీరును అడిగే హక్కు దానికుంది.

మీవాళ్లెవరైనా లోపల ఉంటే ముందు తీర్పు కాపీ దగ్గర పెట్టుకోండి. జైలుశిక్ష పడినవాళ్లకు అది ఉచితంగా ఇవ్వాలి. వకీలు లేకపోయినా అప్పీలు కాగితం జైలు అధికారి చేతికిస్తే చాలు, సరైన కోర్టుకు పంపడం ఆయన బాధ్యత. కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయం ఎంతన్నది చూడకుండానే న్యాయ సేవాధికార సంస్థ వకీలును పెడుతుంది. ఫోన్ నంబరు 15100, ఉచితం.