వలస రోగి మాట, ఆసుపత్రి చెవి: ఫ్రాంజ్ ఫానన్ రెండు వ్యాసాల పరిశీలన

ఫ్రాంజ్ ఫానన్ (1925–1961) పేరు తెలుగు సాహిత్య చర్చల్లో వలసపాలన వ్యతిరేక సిద్ధాంతకర్తగానే తరచూ వినిపిస్తుంది. ఆయన వృత్తిరీత్యా మానసిక వైద్యుడన్న సంగతి పరిచయ వాక్యానికే పరిమితమవుతుంది. 1952లో ‘ఎస్ప్రి’ అనే ఫ్రెంచి పత్రికలో వెలువడిన ‘ఉత్తరాఫ్రికా సిండ్రోమ్’ వ్యాసం చదివితే ఆ వృత్తే ఆయన విమర్శకు పుట్టినిల్లని బోధపడుతుంది.

కూలికోసం ఫ్రాన్సుకు వలస వచ్చిన ఉత్తరాఫ్రికా కార్మికుడు వైద్యుని ముందుకు వస్తాడు. కడుపు చూపిస్తాడు. గుచ్చి అడిగితే నొప్పి ఒళ్లంతా ఉందంటాడు. పరీక్షల్లో ఏమీ తేలదు. ప్రతి లక్షణానికీ శరీరంలో ఒక స్థానం ఉండి తీరాలని చదువుకున్న వైద్యుడు ఆ స్థానం దొరకనప్పుడు తన చదువును శంకించడు, రోగిని శంకిస్తాడు. నిజానికి ఆ శంక రోగి గడప తొక్కకముందే సిద్ధంగా ఉంది. ‘సిండ్రోమ్’ అన్న శీర్షికలోని వ్యంగ్యం ఇదే: పేరు రోగిది, జబ్బు ఆసుపత్రిది. దీనికి బదులు ఫానన్ కోరినది పరిస్థితిని బట్టి చేసే రోగనిర్ధారణ. అతనికి ఇల్లుందా, తోడుందా, పని నిలుస్తుందన్న నమ్మకముందా అన్న ప్రశ్నలు కూడా వైద్యపరీక్షలో భాగం కావాలంటాడు.

అదే ఏడాది వచ్చిన ‘నల్ల చర్మం, తెల్ల ముసుగులు’ మొదటి అధ్యాయంలో ఈ శంకకు భాషారూపం కనిపిస్తుంది. తెల్లజాతి రోగిని ‘మీరు’ అని మన్నించే వైద్యుడు నల్లజాతివానినో అరబ్బునో ‘నువ్వు’ అంటాడు, వచ్చీరాని ఫ్రెంచిని అనుకరిస్తూ మాట్లాడతాడు. ఏకవచన ప్రయోగంలోని చిన్నచూపు తెలుగు పాఠకునికి వివరించనక్కరలేదు.

అయితే ‘సిండ్రోమ్’ వ్యాసంలో ఒక లోటుంది. రోగి అందులో విరిగిన ఫ్రెంచిలోనే మాట్లాడతాడు. అరబ్బీలోనో కబైల్ భాషలోనో తన బాధను ఎలా చెప్పుకొనేవాడన్న ప్రశ్నను వ్యాసం తరచి చూడదు. ఇది చిన్న లోటు కాదు. ముంబయి ఆసుపత్రిలో ఒక పాలమూరు కూలీ ‘గుండెల్లో గాభరాగా ఉంది, మనసు మనసులో లేదు’ అనుకున్నది తనకు వచ్చిన నాలుగు హిందీ మాటల్లోకి దిగేసరికి ఒట్టి ఛాతీనొప్పిగా మిగలవచ్చు. రోగిని మూగవాణ్ణి చేసిన వ్యవస్థను ఖండిస్తూనే వ్యాసం అతని మూగతనాన్ని కొంతవరకు యథాతథంగా ఉంచింది. ఆవేశపూరితమైన దాని ముగింపు కూడా నిలదీసేది వైద్యునీ పాఠకునీ గాని, రోగితో మాట్లాడేది కాదు.

ఈ లోటు ఫానన్‌కు ఆచరణలో ఎదురైంది. సేంట్ ఆల్బన్ ఆసుపత్రిలో ఆయన ఫ్రాన్స్వా టొస్కెల్ వద్ద పనిచేశాడు. స్పెయిన్ నుంచి శరణార్థిగా వచ్చిన టొస్కెల్, రోగికంటె ముందు ఆసుపత్రికే చికిత్స జరగాలని నమ్మినవాడు. ఆ పద్ధతులతో 1953 చివర ఫానన్ అల్జీరియాలోని బ్లీడా ఆసుపత్రికి వెళ్లాడు. సమావేశాలు, పత్రిక, సినిమా, వేడుకలు యూరోపియన్ స్త్రీల వార్డులో ఫలించాయి. ముస్లిం పురుషుల వార్డులో విఫలమయ్యాయి. 1954లో జాక్ అజులేతో కలిసి రాసిన వ్యాసంలో ఆయన ఈ వైఫల్యాన్ని రోగులమీదికి నెట్టలేదు. యూరపులో రూపొందిన పద్ధతిని వారి సమాజాన్ని ఎరగకుండా దింపడమే కారణమన్నాడు. ఆ తర్వాత వార్డులోకి స్థానిక పద్ధతి కాఫీశాల, ముస్లిం పండుగలు, కథలు చెప్పేవాడు వచ్చారు.

బ్లీడా రోగులు సొంత నేలమీదే ఉన్నారు, వలస వచ్చినవాడు వైద్యుడు. మార్టినిక్‌లో పుట్టి ఫ్రెంచిలో చదివిన ఫానన్‌కు అక్కడి వారి భాష రాదు. 1952లో రోగి మోసిన భాషాభారం ఇప్పుడు వైద్యుని భుజాల మీదికి వచ్చింది. అందుకే కాబోలు, 1954 వ్యాసంలో దుబాసీ ప్రత్యేకంగా చర్చకు వస్తాడు. రోగికి దుబాసీ అంతకుముందు ఎదురైన చోట్లు ప్రభుత్వ కార్యాలయం, న్యాయస్థానం. అలాంటి మనిషే ఆసుపత్రిలో మంచం పక్కన నిలబడి ‘ఏం బాధ?’ అని అడిగితే రోగికి ముందు కలిగేది అపనమ్మకం.