ఎవులి పేర్న ఏసినారు?

ఆమదాలవలసలో ఒక ఆఫీసు గోడ మీద సిబ్బంది అంతా కలిసి బొమ్మ వేశారు. ఎర్రరంగు మీద తెల్లగీతలు, చేతులు పట్టుకొని ఆడే మనుషులు, చెట్లు, నెమళ్లు. అంతా సవర గోడబొమ్మల నమూనా. నేనూ వెళ్లి ఒక చెట్టుకి ఆకులు దిద్దాను. అధికారీ బంట్రోతూ ఒకే గోడ మీద పనిచేశారని అందరం మురిసిపోయాం. అక్కడ పనిచేసే సవర కుర్రాడు మాత్రం కాసేపు చూసి, "ఇది ఎవులి పేర్న ఏసినారండీ?" అన్నాడు. ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఆ ప్రశ్న దగ్గరే మన విమర్శ మొదలవ్వాలి. సవరల ఇళ్లలో ఇడితాల్ అనే గోడబొమ్మ అలంకారం కాదు. జబ్బు చేసినప్పుడో, పంట కోసమో, చనిపోయిన పెద్దల కోసమో వేస్తారు. ఒక పెద్ద పేరునో, ఒక దేవత పేరునో వేస్తారు. ఆ బొమ్మ వాళ్లకి ఇల్లు. అందులో రైళ్లూ విమానాలూ కూడా ఉండేవని 1955లో అచ్చయిన పుస్తకంలో వెరియర్ ఎల్విన్ రాశాడు. సవరలు కళ్లముందు ఉన్న కాలాన్ని గీశారన్నమాట. రోజంతా రైలు కూత వినబడే మా ఊరి గోడ మీద మాత్రం రైలు లేదు. ఎందుకంటే మనకి కావలసింది కొండ దిగని, కాలం తెలియని 'ఆదిమ' సవర. రైలెక్కి వలసపోయే సవర మన బొమ్మలో ఇమడడు.

ఇలాంటి సామూహిక చిత్రాలు ఆస్ట్రేలియా ఆఫీసుల్లోనూ వేస్తున్నారు. అక్కడి ఆదివాసులు 'కంట్రీ' అంటే దేశం అని కాదు అర్థం. నేల, నీళ్లు, పూర్వీకులు, బంధుత్వం, ధర్మం అన్నీ కలిపి అది. 1997లో గ్రేట్ శాండీ ఎడారి ప్రజలు నలభైమందికి పైగా కూడి ఎనిమిది మీటర్లకు పది మీటర్ల గుడ్డ మీద తమ నేలని చిత్రించారు. దానికి ఙురరా అని పేరు. భూమి హక్కు విచారణలో ఎవరి నేల మీద వాళ్లు, అంటే ఆ గుడ్డ మీదే, నిలబడి సాక్ష్యం చెప్పారు. 2007లో కోర్టు వాళ్ల హక్కుని గుర్తించింది. కలిసి బొమ్మ వేయడం అంటే అదీ. ఆ బొమ్మ వాళ్లకి పట్టా కాగితం.

మరి ఇక్కడ? 1970 నాటి 1/70 చట్టం గిరిజనేతరులకి భూమి బదిలీ కాకుండా ఆపేది షెడ్యూల్డు ప్రాంతాల్లోనే. మన వైపు ఎన్నో సవర ఊళ్లు ఆ గీతకి బయటే ఉండిపోయాయి. గోడ మీద సవర గీత గీసిన మనం, ఆ గీత సంగతి ఎప్పుడైనా అడిగామా?

ఈ మాట నాకూ తగులుతుంది. మా డప్పుని వేదికెక్కించి మమ్మల్ని కింద నిలబెట్టినప్పుడు నాకు కోపం వచ్చింది. సవర బొమ్మకి ఆకులు దిద్దుతున్నప్పుడు ఆ కోపం గుర్తు రాలేదు. దళితుణ్ణి అయినంత మాత్రాన ఇంకొకరి గోడ నాదైపోదు.

బొమ్మలు వేయొద్దని కాదు. ముందు సవరల్ని అడగాలి. వాళ్లే వేయాలి, పనికి తగ్గ డబ్బివ్వాలి, కింద వాళ్ల పేరుండాలి. వద్దంటే గోడ ఖాళీగా వదిలెయ్యాలి. వాళ్ల భూమి కాగితాలు మన బల్ల మీదికి వచ్చిననాడు మనం ఏం చేశామన్న దాన్నిబట్టే ఆ కుర్రాడికి జవాబు దొరుకుతుంది.