ఒక్క అడుగు వెనక్కి

గుండె రక్తనాళాల్లో స్టెంట్ వేసే క్యాథ్‌ల్యాబ్ అనగానే అందరికీ డాక్టరే గుర్తొస్తారు. నాకు మాత్రం అక్కడి నర్సు ఎక్కడ నిలబడుతుందో చూస్తే గౌరవం పెరుగుతుంది. ఎక్స్‌రే కిరణాలు రోగి ఒంటికి తగిలి చుట్టూ చెదురుతాయి. ఆమెను చేరేది ఎక్కువగా అవే. దూరం రెట్టింపైతే రేడియేషన్ మోతాదు దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే మందు ఎక్కించి, రోగికి ధైర్యం చెప్పి, ఎక్స్‌రే దృశ్యాలు చూపే ఫ్లోరోస్కోపీ మొదలయ్యేలోగా ఆమె ఒక్క అడుగు వెనక్కి వేస్తుంది. ఆ అడుగులో ఎంత చదువుందో!

ఒంటిమీద కిలోల బరువున్న సీసపు ఏప్రాన్, మెడకు థైరాయిడ్ కాలర్. పని అయ్యాక ఏప్రాన్‌ను మడతపెట్టదు, హ్యాంగరుకు తగిలిస్తుంది. మడిస్తే లోపలి పొర పగలవచ్చు, ఆ పగులు పైకి కనిపించదు. ఏప్రాన్ లోపల, ఛాతీ దగ్గర, ఒంటికి చేరిన రేడియేషన్‌ను కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జీ ఉంటుంది. మన దేశంలో ఈ ఉద్యోగులకు పరిమితి అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు. ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. బ్యాడ్జీని డ్రాయరులో వదిలేస్తే ఆ లెక్కకు అర్థమే లేదు. అందుకే, "అక్కా, బ్యాడ్జీ పెట్టుకున్నావా?" అని సీనియరును కూడా ఆపి అడిగే కొత్త నర్సులంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం.