ఎంపిక – వడపోత: ఒక తీర్పులోని పోలిక
2000 డిసెంబరులో రూపొందిన అమెరికా బాలల ఇంటర్నెట్ రక్షణ చట్టం, సమాఖ్య సహాయంతో ఇంటర్నెట్ అందించే పాఠశాలలు, ప్రజా గ్రంథాలయాలు అశ్లీల చిత్రాలను అడ్డుకొనే సాఫ్ట్‌వేరును అమర్చుకోవాలని షరతు విధించింది. అమెరికన్ గ్రంథాలయ సంఘం సవాలు చేయగా, 2003 జూన్ 23న సుప్రీంకోర్టు 6–3 ఆధిక్యంతో చట్టాన్ని సమర్థించింది.

ముగ్గురు సహ న్యాయమూర్తులతో కలిసి ప్రధాన న్యాయమూర్తి రెన్‌క్విస్ట్ వెలిబుచ్చిన అభిప్రాయం ప్రధానంగా ఒక పోలికపై నిలిచింది: గ్రంథాలయం పుస్తకాలను ఎంచుకొన్నట్లే వెబ్ పుటలనూ ఎంచుకోవచ్చును. సాధర్మ్యం లోపించినది ఇక్కడే. గ్రంథపాలకుడు తన ఎంపికకు తానే బాధ్యుడు. వడపోతలో నిర్ణయం విక్రేతది; నిషిద్ధ చిరునామాల జాబితా అతని వ్యాపార రహస్యం. పైగా చట్టం అడ్డుకోమన్నది చిత్రాలను; నాటి సాఫ్ట్‌వేరు ఆధారపడినది మాటలపైన, చిరునామాలపైన. మాటలను నమ్ముకొన్న వడపోత ఎంత గుడ్డిదో 1996లోనే తేలింది: ఊరిపేరులో ఒక బూతుమాట అక్షరాలు ఇమిడి ఉన్నందున ఇంగ్లండులోని స్కన్‌తోర్ప్ వాసులు అమెరికా ఆన్‌లైన్‌లో ఖాతా తెరవలేకపోయారు.

జస్టిస్ సౌటర్ భిన్నాభిప్రాయం సరైన పోలికను చూపింది: ఇది పుస్తకం కొనకపోవడం కాదు, కొన్న విజ్ఞానసర్వస్వంలోని పుటలను కత్తిరించడం. అడిగితే అడ్డు తొలగిస్తారన్నది సమర్థకుల సమాధానం. గుప్తరోగం గురించి చదవదలచిన పాఠకుడు ఆ సంగతిని ముందుగా సిబ్బందికి చెప్పుకోవలసి రావచ్చు. సంకోచపడనక్కరలేకుండా సమాచారం పొందే హామీ రాజ్యాంగంలో లేదని రెన్‌క్విస్ట్ తేల్చివేయడం తీర్పులోకెల్ల బలహీనమైన వాదం. వడపోతను నిలిపివేసే ఆ వెసులుబాటును సైతం ఈ-రేట్ రాయితీ నిబంధన పెద్దలకే పరిమితం చేసింది. పదహారేళ్ళ విద్యార్థికి అది వర్తించదు.