పెట్టను బతికించే చేతులు

మన పల్లెల్లో కోళ్లు పెంచే ఆడవాళ్ల చేతుల్లో గొప్ప వైద్యం ఉంది. కుక్క నోట పడి వీపు చీలిన పెట్టను వాళ్లు దక్కించుకునే తీరు చూసి తీరాలి.

ముందుగా దాన్ని మంద నుంచి వేరుచేస్తారు. నెత్తురు కనిపిస్తే తోటి కోళ్లే పొడిచి చంపేస్తాయి. తలమీద గుడ్డ కప్పి ఒళ్లో పెట్టుకుంటే, చీకటికి కోడి కుదురుకుంటుంది. గాయం చుట్టూ ఈకలు కత్తిరిస్తారు. కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో 9 గ్రాముల ఉప్పు కలిపి, ధారగా పోస్తూ మట్టి, గడ్డకట్టిన నెత్తురు కడిగేస్తారు. ఆపైన పొవిడోన్ అయోడిన్ పూసి, శుభ్రమైన గంప కింద మూస్తారు. పక్కనే నీళ్లు, నానబెట్టిన నూకలు పెడతారు.

ఆ తర్వాత పోరంతా ఈగలతోనే. ఎండాకాలంలో ఒక్క రోజులోనే పుండులో పురుగు పడుతుంది. అందుకే పొద్దునా సాయంత్రం గంప ఎత్తి, ఈకలు వేళ్లతో విడదీసి, రంగు చూస్తారు, వాసన చూస్తారు. కుళ్లు వాసన తగిలినా, మెడ కింది మేతసంచి చిరిగి గింజలు బయటికొస్తున్నా, ఆలస్యం చేయకుండా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్తారు. మందులు వాడితే ఆయన చెప్పినన్నాళ్లు ఆ పెట్ట గుడ్లు ముట్టరు.

ఎప్పుడు తమ చేయి చాలదో తెలియడం కూడా వైద్యంలో భాగమే. మన ఇళ్లలో నాటుకోడి జాతి నిలిచిందంటే, అందులో ఈ తల్లుల ఓపికకు పెద్ద వాటా ఉంది.