పూట దాటని కల్లు

నెల్లూరుకు తూర్పున, పెన్న ఒడ్డున పల్లిపాడు ఉంది. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ వచ్చి పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించిన ఊరది. అక్కడి నుంచి ఇందుకూరుపేట, మైపాడు వైపు పోతే ముందు వరిచేలు, తర్వాత రొయ్యల గుంటలు, ఆపైన బకింగ్‌హాం కాలువ. కాలువ దాటాక ఇసుక దిబ్బలు, సరుగుడు తోటలు, నడుమ నడుమ తాటితోపులు. ఎండ ముదిరే వేళకు ఈ తోపుల్లో కల్లు పట్టే లొట్లు వేలాడుతుంటాయి. కల్లు మానమని దేశమంతా తిరిగి చెప్పిన గాంధీజీకి చెట్టు మీద మాత్రం కోపం లేదు. తాటినీరు పులవకముందే కాచి బెల్లం చేస్తే పల్లెకు నాలుగు మెతుకులు పుడతాయని, గ్రామ పరిశ్రమల్లో తాటిబెల్లానికీ చోటిచ్చారు. ఆయనకూ కల్లు తాగేవాడికీ మధ్య తగువంతా చెట్టు దిగాక గడిచే కొద్ది గంటల గురించే.

ఆ కొద్ది గంటలే ఈ వ్యాసానికీ విషయం. హైదరాబాదులో దాదాపు పదేళ్లుగా మైక్రోబ్రూవరీలు వెలుస్తున్నాయి. గాజు గోడ వెనక రాగి తొట్లు, అక్కడే కాచి అక్కడే పోసే బీరు, పక్కన పళ్లెం నిండా వేడివేడి తిండి. తాజాది, ఇక్కడిది, సీసాకెక్కనిది అని చెప్పుకుంటారు. గ్లాసుకు వందల్లో పుచ్చుకుంటారు. నేనూ తాగాను, బాగానే ఉంది. కాకపోతే అందులోని బార్లీ, హాప్స్ సాధారణంగా ఎక్కడెక్కడి నుంచో మూటల్లో వస్తాయి. నెల్లూరు తీరంలో కల్లంగడీ ఇలా అక్కడికక్కడే పులిసిన తాజా పానీయాన్నే పోస్తుంది. ముడిసరుకు మాత్రం అంగడి వెనకే నిలబడి ఉంటుంది.

గీత పని దూరం నుంచి చూసేవాళ్లకు ఎక్కడం దిగడంలానే కనిపిస్తుంది. అసలు పని అంతా పైన, మట్టల నడుమ జరుగుతుంది. తాటిలో పోతుతాడు వేరు, పెంటితాడు వేరు. రెండూ కల్లిస్తాయి, గీసే తీరు వేరు. పోతుతాడికి వేళ్లలాంటి పొడుగాటి పూగెలలు వస్తాయి. అవి విచ్చుకోకముందే కొన్నిటిని కలిపి నారతో బిగించి కట్టాలి. తర్వాత కొన్ని రోజులపాటు కర్రచెక్కల నడుమ పెట్టి మెల్లగా నొక్కాలి. గట్టిగా నొక్కితే గెల చితికి కుళ్లుతుంది, మెత్తగా నొక్కితే నీరు దిగదు. ఎంత నొక్కాలో తెలిసేది చేతికే. పెంటితాడి గెల మందంగా ఉంటుంది కాబట్టి దాన్ని లొంగదీయడం మరీ కష్టం. పైగా గీసిన గెలకు ముంజలు కాయవు. కల్లా, ముంజలా అన్నది చెట్టు గలవాడు ముందే తేల్చుకోవాలి.

గెల లొంగాక కొన కోయడం మొదలవుతుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, కొందరు మధ్యాహ్నం కూడా ఎక్కి, కత్తితో కొనను పల్చటి పొరలా చెక్కి లొట్టి తగిలించి దిగుతారు. ఆ పొర మందం ఉల్లిపొరను మించకూడదు. ఎందుకంటే గెల పొడవే వాళ్ల పెట్టుబడి. మందంగా కోస్తే ఏప్రిల్‌కే గెల అయిపోతుంది, ఎండాకాలం సగంలోనే కూలి పోతుంది. అసలు కోయకపోతే మొహం ఆరి గట్టిపడి ధార ఆగిపోతుంది. ఇసకపల్లి వైపు ఒక తోపులో గీత పనివాణ్ని, ఒక పూట మానుకుంటే ఏమవుతుందని అడిగితే, "నిన్నటి కోత ఎండకముందే ఇవాళ్టి కోత పడాల అబ్బయా, చెట్టుకు సెలవులుండవు" అన్నాడు. ఇంట్లో పెళ్లయినా చావయినా ఎవరో ఒకరు ఎక్కాల్సిందే.

ఎక్కడానికి ఉన్న సాధనం మోకు. మనిషి నడుమునూ చెట్టు మొదలునూ కలిపి చుట్టే మందపాటి తాడు. వెనక్కి వాలితే బిగుస్తుంది, ముందుకు ఒంగితే వదులవుతుంది. ఆ వదులులోనే మోకును మూరెడు పైకి విసిరి, పాదాలకు వేసుకున్న కట్టుతో అడుగు పైకి లాగుతారు. నలభై యాభై అడుగుల చెట్టును ఇలా రోజుకు రెండు మూడుసార్లు, చెట్టు తర్వాత చెట్టు. అలవాటు లేనివాడికి మోకు మెలకువ రావడానికే ఒక ఎండాకాలం పడుతుంది. వాన కురిసి మాను నాచు పట్టిన రోజు, సముద్రపు గాలి తోసే సాయంత్రం, ఎంత చెయ్యితిరిగినవాడైనా జాగ్రత్త పడతాడు. పడినవాళ్ల కథలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. మంచం పట్టిన మనిషి ఇంటికి ప్రభుత్వ పరిహారం చేరేసరికి ఎన్ని తిరుగుళ్లు తిరగాలో ఆ ఇళ్లవాళ్లను అడిగితే తెలుస్తుంది. ఈడిగలు, గమళ్లు, గౌడులు అని ప్రాంతానికో పేరుతో పిలిచే గీత కులాలు తరతరాలుగా ఈ ప్రమాదాన్ని మోస్తున్నాయి. గ్లాసు ధర దగ్గర బేరమాడే ముందు ఇది కాస్త గుర్తుంటే మంచిది.

ఇక పులుపు సంగతి. చెట్టు నుంచి దిగే నీరు తియ్యగా, తేటగా ఉంటుంది. నూటికి పది పన్నెండు పాళ్లు చక్కెర. లొట్టిలో పడ్డ క్షణం నుంచే గాలిలోవి, మట్టలమీదివి, ముఖ్యంగా లొట్టి గోడల్లో నిన్నటి నుంచి దాక్కున్నవి, ఈస్టులూ రకరకాల బ్యాక్టీరియాలూ ఆ చక్కెర మీద పడతాయి. అందుకే పాత మట్టి లొట్టిని గీతవాళ్లు తోమి తోమి కడగరు. ఆ మట్టి రంధ్రాల్లోనే తోడు ఉంటుంది. కొన్ని గంటల్లో నీరు పాలలా తెల్లబడుతుంది, నురగ కడుతుంది, సారా సత్తువ నూటికి నాలుగైదు పాళ్లకు చేరుతుంది. రాత్రంతా చల్లగా దిగిన కల్లు పొద్దున్నే తియ్యగా, తేలిగ్గా ఉంటుంది. ఎండ ఎక్కేకొద్దీ ఘాటు పెరుగుతుంది. మర్నాటికి పుల్లబడి, ఇంకా ఉంచితే వెనిగరే. ఒకే చెట్టు, ఒకే లొట్టి, తాగే వేళను బట్టి మూడు రకాల పానీయం.

బెల్జియంలో బ్రస్సెల్స్ చుట్టుపక్కల సెన్ లోయలో లాంబిక్ అనే బీరు చేస్తారు. కాచిన గింజనీళ్లను వెడల్పాటి తొట్లలో రాత్రంతా చలిగాలికి తెరిచి పెడితే, ఆ గాలిలోని అడవి ఈస్టే దాన్ని పులియబెడుతుంది. దాని కోసం లోకం నలుమూలల నుంచి బీరు పిచ్చివాళ్లు అక్కడికి పోతారు. కల్లుదీ అదే పద్ధతి. తేడా ఆయుష్షులో ఉంది. లాంబిక్‌ను పీపాల్లో ఏళ్ల తరబడి పండిస్తారు, కల్లు పూట దాటదు. నా దృష్టిలో కల్లు విలువంతా ఈ పూట దాటకపోవడంలోనే ఉంది. లారీకెక్కదు, గిడ్డంగిలో నిలవదు, ప్రకటనతో అమ్ముడుపోదు. తాగాలనుకున్నవాడే చెట్టు దగ్గరికి నడిచి రావాలి.

అలా నడిచి వచ్చినవాడు కూర్చునే చోటే కల్లంగడి. తాటాకు పందిరి, నాలుగు బల్లలు, ఇసుకలో దిగేసిన కుండలు. అడిగితే పచ్చి తాటాకును మడిచి దొప్ప చేసి అందులో పోస్తారు. రెండు చేతులా పట్టుకుని ఎత్తిన దొప్పను కింద పెట్టడానికి వీలుండదు కాబట్టి తాగడం పూర్తయ్యేదాకా మాట్లాడటం కుదరదు. మాటలన్నీ రెండు దొప్పల మధ్య. చేపలు అమ్ముకుని వచ్చిన పట్టపుకాపు, మళ్లల్లో నీళ్లు కట్టి వచ్చిన రైతు, పోర్టులో షిఫ్టు దిగిన కుర్రాడు ఒకే బల్ల మీద కూర్చోవడం ఈ చుట్టుపక్కల నేను ఇంకెక్కడా అంతగా చూడలేదు. ఆడవాళ్లు మాత్రం ఆ బల్ల మీద కనిపించరు. అంగడి బయట చేపలు వేయిస్తూ ఉంటారు.

నంజుకునేవాటి దగ్గర నెల్లూరు తన పట్టు చూపిస్తుంది. ఇక్కడొక చిక్కుంది. తాటికల్లు బాగా దిగేది మార్చి నుంచి మే దాకా. సరిగ్గా ఆ రోజుల్లోనే, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు తూర్పు తీరంలో మరపడవలకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. వంజరం, చందువా దొరకడం కష్టమై, దొరికినా ధర మండిపోతుంది. అందుకని కల్లు రోజుల్లో అంగడి వంట చెరువుల మీదికీ కాలువల మీదికీ మళ్లుతుంది. బొమ్మిడాయిలు, కొరమీను, కాలువ రొయ్యలు, పీతలు. లేదంటే చలికాలంలో ఎండబెట్టి దాచిన నెత్తళ్లు. ఎండు నెత్తళ్లను తలలు తుంచి, మూకుడులో నూనె లేకుండా దోరగా వేయించి, ఆ తర్వాత కాస్త నూనె, కారం, వెల్లుల్లి వేసి కలిపితే, తియ్యటి పొద్దుటి కల్లుకు అంతకు మించిన జోడు లేదు. ఆ ఉప్పుకూ ఈ తీపికీ పడుతుంది.

మధ్యాహ్నం ఘాటు కల్లుకు పులుసు కావాలి. నెల్లూరు చేపల పులుసులో చింతపండుతో పాటు మామిడికాయ ముక్కలు పడతాయి. మామిడికాయ వచ్చేది కూడా కల్లు రోజుల్లోనే కావడం చూస్తే ఆ చెట్లు రెండూ మాట్లాడుకున్నట్టుంటుంది. ఉల్లిపాయ, టమోటా మగ్గించి, కారం, పసుపు, ధనియాల పొడి వేసి, చిక్కటి చింతపండు రసం పోసి మరగనివ్వాలి. మరుగుతున్న పులుసులో ముక్కలు జారవిడవాలి. అక్కడి నుంచి గరిటె పెట్టకూడదు. చట్టి చెవులు గుడ్డతో పట్టుకుని గుండ్రంగా తిప్పాలి, లేకపోతే బొమ్మిడాయి లాంటి మెత్తటి చేప విడిపోతుంది. చివర్లో మామిడి ముక్కలు, వేయించి దంచిన మెంతులు, ఆవాలు, జీలకర్ర. రాత్రి చేసిన పులుసు మర్నాడు రుచి. పూట దాటితే చెడే కల్లు పక్కన పూట దాటితే గాని కుదరని పులుసు. కేరళ కుట్టనాడులో కల్లు షాపుల తిండి కోసమే కుటుంబాలతో కార్లలో పోతారు. నెల్లూరు పేరు చెప్పి దేశమంతా పులుసు అమ్ముతుంటే, నెల్లూరు కల్లంగడికి మాత్రం ఆ గౌరవం రాలేదు.

ఎందుకు రాలేదన్నదానికి జవాబు కొంత ఈ జిల్లా చరిత్రలోనే ఉంది. కలిగిరి మండలం దూబగుంటలో 1992లో అక్షరదీపం చదువులకు వచ్చిన ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు దూబగుంట రోశమ్మగా రాష్ట్రమంతా మారుమోగింది. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అదే ఏడు అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు. ఆ పోరాటం సారా ప్యాకెట్ మీద, దాని వెనక ఉన్న కాంట్రాక్టర్ మీద జరిగింది. పల్లెపల్లెకూ ప్యాకెట్ అందించిన వారుణి వాహిని పథకానికీ తాటిచెట్టుకూ సంబంధం లేదు. అలాగని కల్లు అమాయకమైనదని నేననను. కూలి డబ్బు ఇల్లు చేరకుండా కల్లంగడిలో ఆగిపోయిన రోజులు ఆ ఆడవాళ్లకు బాగా తెలుసు. కల్లుకు ఒక హద్దు ఉంది, చెట్టు ఇచ్చినంతే. ఆ హద్దు దాటించాలనుకున్నప్పుడే పాడు మొదలైంది. చెట్లు తక్కువై తాగేవాళ్లు ఎక్కువైన చోట నీళ్లలో సాకరిన్, క్లోరల్ హైడ్రేట్, డయజిపామ్ కలిపి కల్లని అమ్మారు. దాని వల్ల ప్రాణాలు పోయాయి. ఆ మచ్చ చెట్టు కిందే అమ్మేవాడి మీదా పడింది.

మంచి కల్లు గుర్తుపట్టడం పెద్ద విద్య కాదు. నురగ దానంతట అది లేచి అణగాలి, కలిపితే లేచేది కాదు. తీపి నాలుక కొసన నిలవకుండా పులుపులోకి జారాలి. అంటుకున్న తీపి ఉంటే అనుమానించాల్సిందే. రెండు చీమలు, ఓ తేనెటీగ మునిగి ఉంటే కంగారు పడక్కర్లేదు, వడగట్టి తాగుతారు. కల్తీ కల్లు అన్ని వేళలా ఒకేలా ఉంటుంది. పొద్దుట తాగినదీ మూడింటికి తాగినదీ ఒకటే రుచి అయితే అక్కడి నుంచి లేచి రావడమే.

పులవనివ్వకుండా నీరాగా అమ్మే ప్రయత్నాలూ ఉన్నాయి. లొట్టి లోపల సున్నం పూస్తే పులుపు ఆగుతుంది. ఇప్పుడు చల్లటి పెట్టెల్లో దించుతున్నారు. పందిరిమామిడి ఉద్యాన పరిశోధన కేంద్రంలో తాటి మీద ఏళ్లుగా పని జరుగుతోంది. 2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ తెరిచారు. నీరా మంచిదే, పిల్లలూ తాగొచ్చు. అయితే దానికి ఐసు, కరెంటు, బండి కావాలి. దిబ్బల మీద ముప్పై చెట్లున్న మనిషికి అవి అందాలంటే గీత కార్మికుల సహకార సంఘాలకు డబ్బూ ఓపికా రెండూ ఉండాలి.

ఈలోగా తోపులు పల్చబడుతున్నాయి. రొయ్యల గుంటలకు, లేఅవుట్లకు, ఇటుక బట్టీలకు తాళ్లు కూలుతున్నాయి. కొత్తగా నాటేవాడికి లెక్క తేలదు. టెంక పాతితే పూత రావడానికి పన్నెండు పదిహేనేళ్లు పడుతుంది. వచ్చేది పోతో పెంటో పూసేదాకా తెలియదు. ఉన్న చెట్లలోనూ గీయనివే ఎక్కువ. ఇసకపల్లి తోపు మనిషి కొడుకు తడ వైపు ఫ్యాక్టరీలో పని చేస్తున్నాడు. తండ్రి పండుగ సెలవుల్లో వాడికి మోకు పట్టించి చూశాడట. బాగానే ఎక్కాడట కూడా. "దిగినాక నేనే వద్దన్నా అబ్బయా. నెలకు జీతం వస్తుంది, కాళ్లు నేల మీద ఉంటాయి" అంటూ లొట్టి వంచి, అడుగున మిగిలింది నా దొప్పలో పోశాడు.