కొక్కెపు సూదికి జేజేలు

జానెడైనా లేని పుల్లవు. చివర చిన్న నొక్కు, ఆ నొక్కులో ఒక కొక్కెం. సన్న దారానికైతే ఉక్కుది, ఊలుకైతే అల్యూమినియంది. నీ గురించి చెప్పడానికి ఇంతకన్నా ఏమీ లేదు. అయినా నీకు జేజేలు.

స్వెటరుకు రెండు సూదులు కావాలి. చీరకు మగ్గం కావాలి, మగ్గానికి గుంట కావాలి, పడుగు సాగదీయడానికి ఇంటిల్లిపాదీ కావాలి. నీకు తోడు అక్కర్లేదు. మార్కాపురంలో గిద్దలూరు బస్సెక్కి కిటికీ పక్కన సీటు పట్టుకుంటే, కంభం దాటేలోపు ఒక పువ్వు పూయిస్తావు. వేల ముళ్ళు వేసిన దుప్పటైనా సరే, ముడి ముగిసిన ప్రతిసారీ నీ మెడలో మిగిలేది ఒక్కటే ఉచ్చు. అల్లినదంతా ఆ ఒక్కదాన్ని నమ్ముకుని వెనక వేలాడుతుంటుంది. ఇంత నమ్మకం మనుషుల మధ్య కూడా తక్కువే.

యంత్రం నిన్ను గెలవలేదు. స్వెటర్లు అల్లే యంత్రాలున్నాయి, లేసు నేసే యంత్రాలున్నాయి, నీ పోలిక తెచ్చే యంత్రాలూ ఉన్నాయి. కొక్కెంతో అల్లే అచ్చమైన క్రోషే మాత్రం ఇప్పటికీ చేతిదే. ఏ షోరూంలోనైనా అసలైన క్రోషే టాప్ ఒకటి కారుచౌకగా వేలాడుతుంటే, దాన్ని ఎక్కడో ఒకామె ముడిముడికీ మణికట్టు తిప్పి అల్లిందని అర్థం. ధర చూసి మురిసిపోయేముందు ఆమెకు ముట్టింది ఎంతో లెక్క వేసుకోవాలి.

నిన్ను మార్కాపురంలో కూర్చుని పొగడటం కొంచెం విడ్డూరమే. ఇది రాతి ఊరు. ఎన్ని ఊళ్ళ పిల్లలో ఓనమాలు దిద్దుకున్న పలకలు ఈ నేలలోంచి లేచినవే. ఉలి పెట్టి కొడితే పొరలు పొరలుగా విడిపోయే రాయి మాది. బళ్ళలో పలకల కాలం వెనకబడ్డాక ఆ రాయే విదేశాల ఇళ్ళ కప్పులకూ గోడలకూ ప్రయాణం కట్టింది. ఇక ఎండాకాలం సంగతి చెప్పక్కర్లేదు. ఇలాంటి చోట శాలువా ఎవరికయ్యా అంటే, సన్మానాలకు! తెలుగువాడికి శాలువా అంటే చలి గుర్తుకు రాదు, వేదిక గుర్తొస్తుంది. కప్పినప్పుడు ఒక ఫొటో, ఇంటికొచ్చాక బీరువా అడుగు, ఆ తర్వాత ఇంకో పెద్దమనిషి భుజం.

క్రోషే నమూనాలు గీసే నాకు అలాంటి శాలువా గీయడం ఇష్టం లేదు. ఇక్కడి ఒంటికి పనికొచ్చేది కావాలి. నూలుదారం, సన్న సూది, వల అల్లిక. మెడ వెనక నుంచి మొదలయ్యే త్రికోణం. వరుస వరుసకూ రెండు చివరలా పెంపు, నడుమ వెన్ను దగ్గర పెంపు. అల్లిక ఎంతుండాలన్నది తేలిక లెక్కే. ఖాళీ ఎంతుండాలన్నదే తేల్చుకోవాల్సింది. గాలి వెళ్ళాలి, కొంగు జారినట్టు జారకూడదు, చేతి గాజుకు తగులుకోకూడదు. ఎండలో ముసుగుకు పనికిరావాలి. ధనుర్మాసం తెల్లవారుజామున దిగువమెట్ట స్టేషన్లో రైలు కోసం నిలబడితే నల్లమల మీంచి దిగే చలికీ ఆనాలి. అప్పుడు అదే శాలువాను రెండు మడతలు వేసుకుంటారు. ఆ రెండో మడతను కూడా గీసే మనిషే ముందుగా ఊహించి పెట్టాలి.

నీ పుట్టిల్లు మా వైపు కాదు. తెలుగునేల మీద నీ పేరు చెబితే గోదావరి ఒడ్డు నరసాపురమే గుర్తుకు రావాలి. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు అక్కడి పల్లెల్లో ఇంటింటి పని అయింది. ఒకరు పువ్వులల్లుతారు, ఒకరు అతుకుపని చేస్తారు, ఏజెంటు వచ్చి పట్టుకెళతాడు, ఓడెక్కి దేశాలు దాటుతుంది. జర్మనీ నుంచి వచ్చిన మరియా మీస్ అనే సామాజిక శాస్త్రవేత్త 1982లో ఆ ఆడవాళ్ళ మీద ఒక పుస్తకమే వేసింది. ఇంటి ఇల్లాలి తీరుబడి కాలక్షేపమని పేరు పెట్టి, ప్రపంచ మార్కెట్టు ఆ చేతులతో ఎంత చాకిరీ చేయించుకుందో అందులో విప్పి చెప్పింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఊరికి పేరొచ్చింది, మంచిదే. నమూనా మాత్రం చాలావరకు బయటి నుంచే వచ్చేది: ఒక తునక, ఒక ఫొటో, ఇన్ని డజన్లు, ఫలానా తారీకు. కంటితో చూసి అచ్చు దింపేసే ఆ చేతులకు, 'ఇది నేను కట్టిన వరస' అని కాగితం మీద సంతకం చేసే అవకాశం రాలేదు.

ఆ 19వ శతాబ్దంలోనే అటు లండన్‌లో ఎలియనోర్ రీగో అనే ఆమె 1840ల నుంచీ క్రోషే నమూనాల పుస్తకాలు వరసగా వేసింది, అట్ట మీద తన పేరు తానే వేసుకుంది. 1845లో మొదలైన ఆలుగడ్డ కరువులో ఐర్లండ్ పల్లెల ఆడవాళ్ళు అదే కొక్కెం పట్టుకుని లేసల్లి, వచ్చిన డబ్బుతో గంజి కాచుకున్నారు. రీగో పేరు గ్రంథాలయాల్లో ఉంది. ఆ లేసు ఇప్పుడు మ్యూజియం అద్దాల వెనక ఉంది. అల్లినవాళ్ళ పేర్లు చాలావరకు ఏ చీటీ మీదా లేవు. రీగోను తప్పుపట్టడానికి చెప్పడం లేదు. కాగితం ఎవరి చేతిలో ఉంటే పేరు వాళ్ళదని చెప్పడానికే.

అందుకే నా జేజేల్లో సగం నీకు, సగం కాగితానికి.

కాగితం రాయడం మనకు రాని విద్యా? సంక్రాంతి నెలలో ఏ పత్రికైనా తెరిచి ముగ్గుల పేజీ చూడండి. '15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చే వరకు.' అంతే రాత. ఆ ఒక్క పంక్తి పట్టుకుని దోర్నాలలో ఒకామె, డల్లాస్‌లో ఒకామె ఒకే ముగ్గు దించుతారు. ఒకరినొకరు చూసుకోరు, మాట్లాడుకోరు. అంత క్లుప్తంగా, అంత నిఖార్సుగా ఇంకొకరి చేతికి పని చెప్పడం మన ఆడవాళ్ళు ఎప్పుడో సాధించేశారు. ఒక్క క్రోషే దగ్గరకొచ్చేసరికే తునక కోసం పై దేశం వైపు చూస్తూ కూర్చున్నాం.

నేను అల్లాల్సిన చదరాన్ని ముందు పలక మీద గీస్తాను. మార్కాపురంలో ఉండి పలక కాకుండా ఇంకేం వాడతాం! నడుమ చిన్న సున్న, అదే మొదటి ఉంగరం. చెయినుకు కోడిగుడ్డు ఆకారం, ట్రెబుల్‌కు నెత్తిన ఒక గీత, నడుమ ఒక ఏటవాలు గీత పెట్టిన నిలువు గీత, స్లిప్పుకు చుక్క. ఈ గుర్తులకు భాషతో పని లేదు, జపాన్‌లోనూ ఇవే. మొదటి చుట్టులో మూడేసి ట్రెబుల్స్ గుత్తులు నాలుగు, గుత్తికీ గుత్తికీ నడుమ రెండు చెయిన్లు. ఆ నాలుగు సందులే నాలుగు మూలలు. రెండో చుట్టులో మూలకు రెండేసి గుత్తులు, మొత్తం ఎనిమిది. మూడో చుట్టుకు పన్నెండు, నాలుగుకు పదహారు. చుట్టుకు నాలుగు చొప్పున పెరుగుతూ పోతే నాలుగో చుట్టు ముగిసేసరికి 40 గుత్తులు, 120 ట్రెబుల్స్. 1885లో అమెరికాలో ప్రెయిరీ ఫార్మర్ అనే వ్యవసాయ పత్రిక అచ్చేసిన చదరం ఈ కుదురుదే. పాత ఊలు ముక్కలు వృథా పోకుండా రైతు ఇళ్ళల్లో ఇలాంటివి అల్లి దుప్పట్లు కట్టుకునేవారు. పాత చీరలు కలిపి బొంత కుట్టుకునే మనకు ఆ బుద్ధి ఒకరు నేర్పాలా?

చదరానికి చదరం కలిస్తే దుప్పటి. అటు ఎనిమిది, ఇటు ఎనిమిది, మొత్తం 64. ట్రెబుల్స్ 7,680. చెన్నైలో 2016 జనవరిలో మదర్ ఇండియాస్ క్రోషే క్వీన్స్ అనే ఆడవాళ్ళ బృందం 40 అంగుళాల చదరపు దుప్పట్లు తెచ్చి కలిపి, 11,148.5 చదరపు మీటర్ల దుప్పటి పరిచి గిన్నిస్‌కెక్కింది. రికార్డుల మీద నాకు పెద్ద మోజు లేదు. కానీ ఎవరి ఇంట్లో వాళ్ళు అల్లుకొచ్చిన ముక్కలు ఒకదానికొకటి సరిగ్గా అంచు కలిశాయంటే, ఆ వెనక కొలత రాసి పంపిన వాళ్ళెవరో ఉంటారు. నా దండం వాళ్ళకు.

కొలతల దగ్గరే ఈ పని గుట్టు ఉంది. ఒకే దారం, ఒకే సూది ఇచ్చినా ఒకామె చేయి బిగువు, ఇంకొకామె చేయి వదులు. చదరానికి ఒక్క సెంటీమీటరు తేడా వస్తే దుప్పటి ఆ చివరికి ఎనిమిది సెంటీమీటర్లు పక్కకు పోతుంది. అందుకే దారం మందం, సూది నంబరు, పది సెంటీమీటర్లలో ఎన్ని కుట్లు రావాలో ముందే రాయాలి. గుండ్రంగా అల్లేటప్పుడు పొట్టి కుట్టుతో చుట్టుకు ఆరు చొప్పున పెంచితే చదునుగా పరుచుకుంటుంది, తగ్గిస్తే గిన్నె అవుతుంది, ఎక్కువైతే అంచు కుచ్చిళ్ళు పోతుంది. ఆ కుచ్చిళ్ళను పట్టుకునే కార్నెల్ విశ్వవిద్యాలయంలో డైనా తైమినా అనే లాత్వియా గణితజ్ఞురాలు 1997లో, కాగితంతో చేస్తే చినిగిపోయే హైపర్బోలిక్ తలాన్ని చేతిలో పట్టుకుని చూసేలా అల్లి చూపించింది. మా అమ్మమ్మల తరంలో ఎందరికో ఆ తలం తెలుసు. కుచ్చిళ్ళ టీపాయ్ గుడ్డ అనేవాళ్ళు, అంతే.

తప్పు చేస్తే? దారం కొస పట్టి లాగడమే. బంగారం కరిగిస్తే తరుగు పోతుంది, గుడ్డ కత్తిరిస్తే ఇక అంతే సంగతులు. నీ దగ్గర తరుగు లేదు తల్లీ. రాత్రంతా అల్లింది పొద్దున ఉండ చుట్టుకుని, మళ్ళీ కొత్త దారమే.

ఇక ఏం గీయాలి? కళ్ళెదుట ఉన్నది చాలదా. రాతి పొరలున్నాయి: నలుపు, ముదురు పచ్చ, నడుమ తుప్పు చార. ఏ రెండు పొరలూ ఒకే మందం ఉండవు కాబట్టి చారలనూ ఎగుడుదిగుడుగా వదిలేయాలి. నల్లమల గట్లున్నాయి, ఎక్కి దిగే అల అల్లికకు అంతకన్నా ఏం కావాలి. కంభం చెరువుంది. రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డంగా కట్ట వేయించింది వరదరాజమ్మ అనే రాణి అని చెప్పుకుంటారు. ఏడు కిలోమీటర్ల నీళ్ళకు ఒక ఆడమనిషి పేరు ఐదు వందల ఏళ్ళుగా జనం నోట నిలిచిందంటే నాకు భలే సంతోషం. ఆ చెరువుకు అర్ధచంద్రం శాలువా, అంచుకు గవ్వ కుట్టు.

చలిదేశాల్లో రోజుకో వరుస చొప్పున, ఆ రోజు ఉష్ణోగ్రతను బట్టి రంగు మారుస్తూ దుప్పటి అల్లుకునే అలవాటొకటి ఉంది. దాన్ని మా వైపు తెస్తే వాన శాలువా అవుతుంది. వారానికో వరుస, ఏడాదికి 52. చినుకు పడిన వారం నీలం, పడని వారం ఎండుగడ్డి రంగు. నీలం ఉండ ఒకటే కొనుక్కోమని కాగితంలోనే రాసేస్తాను, గడ్డి రంగువి మూడు. వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళ కోసం దశాబ్దాలుగా ఎదురుచూసిన ఊళ్ళలో ఈ లెక్కను ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. కందిచేను గట్టున కూర్చునే వరుస పూర్తి చేస్తారు.

ఒకటి మాత్రం గీయను. ఎర్రగొండపాలెం, దోర్నాల వైపు తండాల్లో పెద్దవాళ్ళ పెట్టెల్లో సుగాలీల పాత దుస్తులున్నాయి. అద్దాలు, గవ్వలు, రంగు రంగు చదరాలు. కన్ను తిప్పుకోలేం. చూసి కళ్ళకు నేర్పుకోవచ్చు గానీ, ఎత్తుకొచ్చి కింద నా పేరు వేసుకుంటే నరసాపురానికి జరిగింది తండాకూ జరిగినట్టే.

కాగితం అమ్ముకుని బతకడం సుఖమైన పనేం కాదు. ఒకరు కొంటారు, ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతారు. 'అక్కా, ఈ ప్యాట్రన్ ఫ్రీగా దొరుకుతుందా' అని గీసిన మనిషినే అడుగుతారు. ఏడో వరుసలో ఒక అంకె తప్పు పడితే ఎక్కడెక్కడి ఆడవాళ్ళో అదే ఏడో వరుస దగ్గర తల పట్టుకుంటారు. అందుకే అమ్మకముందు ఇంకొకరితో అల్లించి చూడాలి, ఆమెకు డబ్బివ్వాలి. 'ఊరికే సరదాగా అల్లిపెట్టవే' అంటే, తీరుబడి కాలక్షేపం అన్నవాళ్ళకూ మనకూ తేడా ఏముంది?

తెలుగులో రాయాలి, తెలుగు చదివే చేతుల కోసం. గుర్తుల బొమ్మ పక్కనే మాటల్లో వరుసలు. చుట్టు, వరుస, గుత్తి, మూల, పెంపు. చెయిను, ట్రెబుల్ అలాగే ఉంటాయి, వాటికి కొత్త పేర్లు పెట్టి తిప్పలు పెట్టను. అడుగున రెండు గీతలు: 'రాసింది' అని ఒకటి, 'అల్లింది' అని ఒకటి. మొదటిది నేను నింపి పంపుతాను. రెండోది నింపకుండా శాలువా చేతులు మారనివ్వొద్దని, కొనేవాళ్ళు ఆ చీటీ అడిగి మరీ తీసుకోవాలని అక్కడే ఒక ముక్క రాసి ఉంటుంది.